బజారులో అక్క గొంతు

మునిసిపల్ చైర్మన్‌గారికి పాత కట్టడం కనిపిస్తే చాలు, ప్రాణం లేచి వస్తుంది. పడగొట్టడానికి వచ్చిన యంత్రానికి అడ్డంగా నిలబడి పాత బజారు భవనాన్ని కాపాడిన మనిషి ఆయనే. ఆ రోజు ఆయన వెనక నిలబడి అందరికంటే గట్టిగా అరిచింది ఆయన సొంత అక్క. బజారులో గుండీలు, దారాలు, లేసులు అమ్మే కొట్టు ఆమెది. చిన్నప్పుడు ఆ కొట్టు బల్ల కిందే కూర్చుని చైర్మన్‌గారు ఎక్కాలు బట్టీపట్టారు. అందుకే ఆ బజారంటే ఆయనకు అంత ప్రేమ.

ఆ ప్రేమ కొద్దీ నిపుణుల కమిటీ వేశారు. మేకులు కొట్టి గోడల్నీ, నీళ్లు చల్లి నాపరాళ్లనీ, తొక్కి తొక్కి గడపల్నీ పాడుచేస్తున్నారని కమిటీ తేల్చింది. ఇంతకీ బజారుకు శత్రువులెవరయ్యా అంటే, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూనట! కొట్లన్నిటినీ ఊరి చివర కొత్త షెడ్లలోకి మార్చేశారు.

"గుండీ ఊడిందని ఊరి చివరిదాకా ఎవరొస్తార్రా? నా బేరం ఏం కాను?" అంది అక్క.

"అన్నీ నేను చూసుకుంటాగా అక్కా," అన్నాడు తమ్ముడు.

కొట్లు ఖాళీ చేసే రోజున ఆయనకో ఆలోచన తట్టింది. రికార్డింగువాళ్లను పిలిపించి అక్కను మైకు ముందు నిలబెట్టారు. తమ్ముడు ముచ్చటపడ్డాడు కదా అని ఆమె కూడా గొంతెత్తి పిలిచింది: "రండమ్మా రండి! ఏ రంగు బట్టకైనా దారం నా దగ్గరుంది, ఒట్టి చేతుల్తో పంపను!"

బజారును ప్రదర్శనశాలగా మార్చి చేసిన ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. ఖాళీ కొట్లు తళతళలాడుతుంటే స్పీకర్లలో బేరాల హోరు. బజారుకు ఎంత జీవం పోశారోనని అతిథులు ముక్కున వేలేసుకున్నారు.

షెడ్డులో ఈగలు తోలుకుని విసిగిపోయిన అక్క, కొన్నాళ్లకే బజారు గుమ్మం ఎదురుగా రోడ్డు వారన గంప పెట్టుకుంది. అక్కడ అమ్మకూడదు. అయినా చైర్మన్‌గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. సొంత అక్క మరి.

ఒకనాడు ఆయన కారు దిగుతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఆ లోపలి గొంతు ఆపించరా. పాతవాళ్లంతా నా పిలుపు విని నన్ను దాటుకుని లోపలికి పోతున్నారు. అక్కడేముంది, ఎవరూ ముట్టకుండా తాడు కట్టిన ఖాళీ బల్ల! చిరాకుపడి అటు నుంచి అటే పోతున్నారు. నా నోటి దగ్గర కూడు నా నోరే లాగేస్తోంది. చోటు ఎటూ పోయింది, గొంతైనా తిరిగివ్వరా."

ఆయన గబగబా లోపలికి వెళ్లి స్విచ్ కట్టేశారు.

చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. గుమ్మంలోంచి చూస్తే, అక్క గంప దగ్గర ఒక ముసలావిడ ఆగి గుండీలు ఏరుకుంటోంది. అక్క ముఖం విప్పారింది. అది చూసి ఆయన మనసు చల్లబడింది కూడా.

"ఇంతేనా? చూడ్డానికి ఏమీ లేదే ఇక్కడ!" అన్నాడు వెనక నుంచి ఒక సందర్శకుడు.

ఆ మాట చైర్మన్‌గారికి చురుక్కుమంది. తిరిగి స్విచ్ వేశారు. కాస్త పెద్దగానే పెట్టారు.

"రండమ్మా రండి! ఒట్టి చేతుల్తో పంపను!"

ముసలావిడ తలెత్తి విని, చేతిలోని గుండీలు గంపలో వేసేసి గుమ్మం వైపు నడిచింది. చైర్మన్‌గారు ఎదురెళ్లి, చేతులు జోడించి ఆమెను లోపలికి ఆహ్వానించారు.

"వింటున్నారా అమ్మా, అది మా అక్క గొంతే," అన్నారు గర్వంగా.