దిద్దిన వాక్యం

రియాద్‌లోని ఆ ట్యూషన్ సెంటర్‌లో అఫ్షాన్ పని, అమెరికా కాలేజీలకు దరఖాస్తు పెట్టుకునే పిల్లల వ్యాసాలు దిద్దడం. రాయచోటి నుంచి భర్త వెంట వచ్చి ఆరేళ్లుగా అదే చేస్తోంది. మార్కులు అందరికీ వస్తాయి, సీటు తెచ్చేది వ్యాసమే అనేవాడు అమెరికావాడైన డైరెక్టర్.

ఆ ఏడు క్లేర్ అనే అమెరికా అమ్మాయి వచ్చింది. తండ్రి పెద్ద కంపెనీలో అధికారి. తండ్రీ తాతా చదివిన యూనివర్సిటీలోనే తనూ చేరాలి. వ్యాసంలో మాత్రం టెన్నిసూ పియానో తప్ప ఏమీ లేదు.

చెప్పుకోదగ్గ కథ అఫ్షాన్ దగ్గరుంది. క్లేర్ వాళ్ల కారు నడిపే బాబావలిదీ రాయచోటే. అయిదో తరగతితో బడి మానేసినవాడు, ఇక్కడికొచ్చాక రోడ్డు మీది బోర్డులు చూసి ఇంగ్లీషు, అరబ్బీ కూడబలుక్కుంటూ నేర్చుకున్నాడు. శుక్రవారాలు నగరంలోని మలాజ్ పేట‌లోని తన గదిలో తోటి డ్రైవర్లకూ కూలీలకూ నేర్పేవాడు. ఏం రాసుందో తెలియకుండా ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదని ఆయన పట్టుదల. అఫ్షాన్ ఈ సంగతి చెబితే క్లేర్ ముచ్చటపడింది. తల్లిని వెంటబెట్టుకుని రెండు శుక్రవారాలు వెళ్లి, వాళ్లకు పాఠం చెప్పి వచ్చింది.

'మా డ్రైవర్ నడిపే తరగతిలో నేనూ చేరాను' అని రాసింది. డైరెక్టర్ పెదవి విరిచాడు.

"ఎవరో పెట్టినదాంట్లో చేరితే ఎవరికి కావాలి?"

ఆ సాయంత్రం అఫ్షాన్ ఆ వాక్యం దిద్దింది. 'మా డ్రైవర్‌లాంటి వాళ్లకు చదువు చెప్పడానికి నేనొక తరగతి మొదలుపెట్టాను.'

క్లేర్ కంప్యూటర్ తెర మీది అక్షరాలకేసి చాలాసేపు చూసింది.

"ఇలా రాయొచ్చా మిస్?"

"అందరూ ఇలాగే రాస్తారు" అంది అఫ్షాన్.

సీటొచ్చింది. సెంటర్‌లో జరిగిన విందులో క్లేర్ తండ్రి మాట్లాడాడు. "మా దేశంలో నువ్వెవరి బిడ్డవని అడగరు. నీ ప్రతిభ ఏమిటని అడుగుతారు" అన్నాడు. అందరితోపాటు అఫ్షాన్ కూడా చప్పట్లు కొట్టింది. సీట్లు తెచ్చిన వ్యాసాలను పుస్తకంగా వేసి బల్ల మీద పేర్చారు. పూలగుత్తులు కారులో పెట్టడానికి లోపలికొచ్చిన బాబావలి ఒక పుస్తకం తీసుకెళ్లాడు.

నాలుగు రోజుల తర్వాత కారు పార్కింగ్‌లో అఫ్షాన్‌ను ఆపాడు. పుస్తకం తెరిచి ఒక మాట మీద వేలు పెట్టాడు.

"అమ్మా, ఈడ 'స్టార్టెడ్' అని ఉండాది. నాకు తెలిసిన అర్థమేనా, ఇంకేమన్నా ఉందా?"

"అదే అర్థం చాచా."

"నన్ను నేర్సుకునేవాళ్లలో కలిపేసింది. నా పేరు లేకుంటే పోనీ. గదిలో వాళ్లంతా సదివినారు. వాళ్లకు సదవడం నేర్పింది నేనే గదా" అన్నాడు. "ఆ పాప ఇంత అబద్ధమాడతాదనుకోలే. నాలుగు దినాల్నించి పాప పలకరిస్తా ఉంటే నేను ముఖం తిప్పుకుంటాండా."

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయింది.

"అది పాప రాసింది కాదు చాచా. నేను రాసినా."

బాబావలి పుస్తకం మూసి చేతిలోనే పట్టుకున్నాడు.

"పాపదైతే మన ఊరు గాదు, మన మనుషులూ తెలీదు. నీకన్నీ తెలుసు గదమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. కారు దగ్గరికి నడిచాడు.

ఆ వాక్యం తను రాసిన అబద్ధమని అఫ్షాన్ ఆ రాత్రే యూనివర్సిటీకి ఉత్తరం రాసింది. పంపితే పోయేది క్లేర్ సీటు. ఇలా రాయొచ్చా అని అడిగింది ఆ పిల్ల ఒక్కతే. ఉత్తరం పంపలేదు.

క్లేర్ విమానమెక్కి వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టులో దించినప్పుడు బాబావలి తనను క్షమించమన్నాడనీ, ఎందుకో అర్థం కాలేదనీ మెసేజ్ పెట్టింది. అఫ్షాన్ జవాబివ్వలేదు.

తరువాతొకసారి, శుక్రవారాలు వచ్చి పాఠం చెబుతానని ఆమె బాబావలిని అడిగింది.

"రా అమ్మా, ఎవరైనా రావచ్చు" అన్నాడాయన.

రెండుసార్లు మలాజ్ దాకా వెళ్లింది. గది లోపల పది గొంతులు ఒక్కో అక్షరం పలుకుతున్నాయి. తలుపు తట్టకుండానే తిరిగొచ్చింది.