ఎదిరిజట్టు బల్లపై సుంకన్న

నాకు అక్షరములు అరువదవయేట అబ్బినవి. వ్రాతలో తప్పులు దొరలును, చేయియు మెల్లగనే సాగును. చదువరులు మన్నింతురు గాక.

మాఘమాసపు అపరాహ్ణమున నల్లరేగడి చేలమీదినుండి వీచు పొడిగాలి గుంతకల్లు రైలుపేట మైదానమునందలి సున్నపుగీతలను చెఱుపుచుండ, ఇంజనుకూతలకు తలత్రిప్పని జనసమూహము నాలుగుదిక్కుల క్రిక్కిఱిసియుండ, మా పేటజట్టునకును ఆదోనిజట్టునకును ఫుట్‌బాల్ తుదిపోటీ జరుగుచుండెను.

మాజట్టు నాయకుడు ఓబులేసు. వాని తమ్ముడు సుంకన్న మెఱుపువేగముగల ఆటగాడు. జిల్లాజట్టును ఎన్నుకొను పెద్దలు ఆదినమున వచ్చి కూర్చుండిరి. వయోనియమమునుబట్టి సుంకన్నకు అదియే కడపటి యేడు; నాడు తప్పినచో ఆ ద్వారము వానికి మఱి తెఱవబడదు.

ఇరుజట్లకును గోలు లేక పొద్దు వాలుచుండ సుంకన్న బంతితో గోలుముందఱికి చొచ్చెను. గోల్‌కీపరు కుడివైపునుండి దుమికినంతనే సుంకన్న కూలి ఎడమమోకాలిని రెండుచేతుల బట్టుకొని పొరలెను. జనులు పెనాల్టీ పెనాల్టీయని ఘోషించిరి. రిఫరీ మద్దిలేటి పూర్వము ఇంజను నడిపి విశ్రాంతిగొన్న వృద్ధుడు. ఆయన ఈల నోటనుంచుకొనియు పెనాల్టీకి ఊదక ఆటనాపి వానిని తేఱి చూచెను.

"వాడొచ్చింది కుడిపక్కనుంచి గదప్పా. నొప్పి ఎడంకాలికి యెట్ల పోయె? లైను మారిందా?"

ఆదోనివారు పకపక నవ్విరి.

మా మైదానమున నొక కట్టడి కలదు. బూటకముగా పడినవాడు ఆట ముగియుదాక ఎదిరిజట్టు బల్లపై కూర్చుండి వారికి నీరందింపవలెను. తనవారు పదుగురితోనే ఆడవలెను. వానిని పంపవలసినవాడు నాయకుడే. ఎన్నికపెద్దలు చూచుచున్నారనియు తోడబుట్టినవాని బ్రతుకు చెడుననియు పలువురు ఓబులేసును బ్రతిమాలిరి. అతడు తమ్ముని చేయిపట్టి లేపి "పోరా" యని మాత్రము పలికెను.

ఆదోనివారు జరిగి చోటిచ్చిరి. "రాప్పా అల్లుడా, ఏ కాలు నొప్పో ఆ కాలు సాపుకోని కూర్చో" యని యొకడు ఎకసక్కెమాడెను. సుంకన్న తలవంచుకొని వారికి నీరందించెను.

కొంతసేపటికి ఆ బల్లయెదుటనే ఆదోనివాడొకడు ఓబులేసుతో పెనగుచు పడిపోయెను. దూరముననున్న మద్దిలేటికి నిజము గానరాలేదు. వీడును బూటకముగా పడినవాడే, వీనిని మా బల్లకు పంపుడని మావారు అఱచిరి. తగిలినదని ఆదోనివారు ఎంత మొత్తుకొనినను నమ్మువారు లేరైరి. అంతట సుంకన్న చేతి సీసాను దింపి లేచెను.

"మాయన్న బూటు తగిలింది సార్. నేను జూసినా."

మద్దిలేటి ఆదోనివారికి ఫ్రీకిక్కు నొసగెను. ఆ బంతియే గోలై మా పేట ఓడిపోయెను. పిదప ఎన్నికపెద్దలు పేర్లు చదివిరి. అందు సుంకన్న పేరు లేదు. ఎదిరివారి బల్లపై కూర్చుండి తనజట్టునకు తానే ఓటమి తెచ్చినాడని మావారు కొందఱు మొగము త్రిప్పుకొని పోయిరి.

ఓబులేసు మెల్లగా నడచివచ్చి ఎదిరివారి బల్లపై తమ్ముని ప్రక్కన కూర్చుండెను.

"తగిలింది నిజమేరా. నేను చెప్పల్సిన మాట నువ్వు చెప్తివి."

కపటముగా పడువారు లోకమున కోకొల్లలు. పడినచోటినుండి అంత యెత్తునకు లేచినవానిని నా యెఱుకలో ఆ యొక్కనినే చూచితిని.

ఇట్లు,
పెద్దింటి తిప్పక్క
వయసు అరువదియెనిమిది
ప్రస్తుత నివాసము డోన్