లెక్కల మాస్టారి వైకుంఠపాళి

ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నా, భిన్నాల పాఠం వచ్చిందంటే మాస్టారికి ఒంట్లో నలతగా ఉండేది. అరకి పావు కలపమంటే ఆరో తరగతి పిల్లలంతా పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కలిపేసి ‘రెండు బై ఆరు’ అనేవారు. ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఊదేది సరిగ్గా ఊదుతున్నానా అన్న అనుమానం మాత్రం ఆయనకు ఏనాడూ రాలేదు.

అలాంటి మనిషిని ఆటలతో పాఠాలు చెప్పే శిక్షణకు పంపించారు. మధ్యాహ్నం నుంచి ఆయన కునుకు తీశాడు గానీ, పొద్దున విన్నది చాలనుకున్నాడు. వారం రోజులు కూర్చుని, అట్టలు అతికించి, పిల్లలు గడుల్లో నిలబడి ఆడేంత పెద్ద వైకుంఠపాళి తయారుచేశాడు. పాములు తన చేతిలో వానపాముల్లా వస్తుంటే భార్య గీసిపెట్టింది.

నియమం తేలికే. చీటీలో ఉన్న లెక్కకు సరైన జవాబు చెబితే రెండు గడులు ముందుకు, తప్పు చెబితే ఒక గడి వెనక్కి.

పావుగంట బాగానే సాగింది. తరువాత ఏదో తేడా కొట్టింది. ఎప్పుడూ ఫస్టు వచ్చే కుర్రాడు పన్నెండో గడిలో పాము నోట పడి రెండో గడికి జారడం అది మూడోసారి. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఏడాదంతా నోరు విప్పని ఒక పిల్ల ఉంది. ‘మూగనోము’ అని పేరు పెట్టింది మాస్టారే, అది గొప్ప చమత్కారమనుకుని. ఆ పిల్ల పదో గడిలో నిలబడి చీటీ చదివింది. అరకి పావు కలిపితే?

“రెండు బై ఆరు,” అంది నింపాదిగా. ఒక గడి వెనక్కి జరిగి, తొమ్మిదిలో ఉన్న నిచ్చెనెక్కి పైకి పోయింది.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంతే, పదో గడికి వచ్చిన ప్రతివాడూ తప్పు చెప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే హెడ్మిస్ట్రెస్ గుమ్మంలోకి వచ్చింది.

“అందరూ తప్పే చెబుతున్నారు, పైగా చప్పట్లా? ఏంటి మాస్టారూ ఇది?”

జవాబు మాస్టారు కాదు, మూగనోము చెప్పింది.

“మొదట్నుంచీ రెండేసి గడులు పోతే అన్నీ సరిసంఖ్యలే వస్తాయండి. సార్ పాముల్ని సరిగడుల్లో పెట్టారు, నిచ్చెనల్ని బేసిగడుల్లో పెట్టారు. సరిగ్గా చెబితే పామే.”

ఇరవై రెండేళ్ల లెక్కల మాస్టారు అట్ట వంక చూశాడు. పాపం, అట్ట నిజమే చెబుతోంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీటీలు సర్దాడు, సర్దినవే మళ్లీ సర్దాడు.

హెడ్మిస్ట్రెస్ నవ్వు ఆపుకుంటూ ఒక్కొక్కరినీ లేపి అడిగింది. “ఆట సంగతి వదిలెయ్. అరా పావూ ఎంత?”

“ముప్పావండి.” వెనక బెంచీ దాకా అదే జవాబు. కావాలని తప్పు చెప్పాలంటే ఒప్పేదో ముందు తేల్చుకోవాలి మరి. ఇంతసేపూ పిల్లలు చేస్తున్నది ఆ పనే.

ఆవిడ వెళ్లాక మాస్టారు ఆ పిల్ల దగ్గరికి వెళ్లాడు.

“ముందే కనిపెట్టావు కదా. నాకు చెప్పొచ్చుగా అమ్మా?”

“మీరు అడగలేదు కదండీ.”

తను పెట్టిన పేరు గురించి ఏదో అనబోయి మానుకున్నాడు. హాజరుపట్టీ తెరిచి ఆమె అసలు పేరు చూసుకుని ఆ పేరుతోనే పిలిచాడు. కత్తెర, జిగురు ఆమె చేతిలో పెట్టాడు.

“ఎక్కడ ఏం పెట్టాలో నువ్వే చెప్పమ్మా. నేను అతికిస్తా.”

ఆ పిల్ల పెద్ద నిచ్చెనను ఊడదీసి, కాసేపు ఆలోచించి, పద్నాలుగో గడి మీద వేలు పెట్టింది. మాస్టారు జిగురు రాశాడు, కొంచెం వంకరగా.