ఊదారంగు నాలుకలు

"మొదట లోవెల్ దగ్గరికే వెళ్దాం" అని ఆ శనివారం పొద్దున కారు బయల్దేరకముందే చెప్పాను. పెట్రోలు బంకు దగ్గర ఇంకోసారి చెప్పాను. సరస్సు కనిపించే మలుపులో బతిమాలాను కూడా. వెనక ముగ్గురు ఆడవాళ్లు ఒకేసారి మాట్లాడుతుంటే నా మాట ఎవరికి కావాలి?

డార్లీన్, గ్వెన్, ట్రిష్ నాతోపాటు పెన్ యాన్ హైస్కూల్లో చదివినవాళ్లు. ఇప్పుడు తలో ఊళ్లో ఉన్నారు. ఏటా సెప్టెంబరులో మా ఇంట్లో దిగి, సెనెకా సరస్సు ఒడ్డున వైన్ చేసి, రుచి చూపించి అమ్మే వైనరీలన్నీ తిరిగిపోతారు. అందరూ ఒకే రంగు టీషర్టు వేసుకోవాలన్నది డార్లీన్ పెట్టిన నియమం. కారు నేను నడపాలన్నదీ ఆమె పెట్టిందే. నడిపేవాళ్లు మింగకూడదు కాబట్టి నేను ప్రతిచోటా వైన్ నోట్లో తిప్పుకుని బల్ల మీది బకెట్‌లో ఉమ్మేస్తాను. నచ్చనివాళ్లు గ్లాసులో మిగిలింది పారబోసేదీ అందులోనే.

ఈ ఏడాది ఆ బకెట్టే నా ప్రాణం మీదికి వచ్చింది.

నేను కాంకర్డ్ ద్రాక్ష పండించి జ్యూస్ ఫ్యాక్టరీకి వేస్తానని వాళ్లకు తెలుసు. ఆ తీగలన్నీ పీకించి, పుల్లటి తెల్ల వైన్ ఇచ్చే రీస్లింగ్ ద్రాక్ష నాటిన సంగతి తెలియదు. మొదటి కాపు సొంత వైనరీ ఉన్న లోవెల్ వాండర్మార్క్ కొని, చిన్న ట్యాంకులో వైన్ చేశాడు. రెండో కాపు ఇప్పుడు తీగల మీద వేలాడుతోంది. కోత దగ్గర పడింది. అది కొనాలో వద్దో ఆ శనివారమే తేల్చుకుంటానన్నాడు. అతను వద్దంటే ఆ పంటను అడిగే నాథుడు లేడు.

"నోటి మాట నేను నమ్మను కొరీన్. మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. నేను చూసేది బకెట్. నీ స్నేహితురాళ్లను తీసుకురా. ద్రాక్ష నీదని మాత్రం చెప్పకు. చెప్పావో, వాళ్లు తాగింది నేను లెక్కలోకి తీసుకోను" అన్నాడు.

సరేనన్నాను. నాకూ ఒక ఆశ ఉంది. వాళ్లు ఆహా ఓహో అంటారు, అప్పుడు నెమ్మదిగా "అది నాదేనే" అంటాను. వేసవంతా తీగలు కత్తిరిస్తూ ఆ మాటే అనుకున్నాను.

"ముందు స్లషీ!" అని డార్లీన్ అరిచింది. దారిలో ఊదారంగు బోర్డు కనబడింది మరి. తియ్యటి కాంకర్డ్ వైన్‌ను మంచుపొడిలా చేసి పెద్ద కప్పుల్లో పోసి అమ్ముతారక్కడ.

"పొద్దున్నే తీపి పడితే ఆ తర్వాత ఏదీ రుచించదే. పుల్లటివి ముందు, తియ్యటివి చివర్న. ఇన్నేళ్లుగా తిరుగుతున్నారు, ఆ మాత్రం తెలీదా?" అన్నాను.

"అబ్బో, వచ్చిందండీ పెద్ద పండితురాలు! జ్యూసు ద్రాక్ష పండించుకునేదానివి, నీకెందుకే ఈ గొడవంతా?" అంది ట్రిష్.

జవాబు నోటిదాకా వచ్చింది, మింగేశాను. నడిపేవాళ్లు వైన్ మింగకూడదు గానీ మాటలు ఎన్నయినా మింగవచ్చు.

తలో కప్పూ అయ్యాక ఇంకో కప్పు తీసుకున్నారు. పక్కనే ఫడ్జ్ అనే పాలకోవాలాంటి మిఠాయి కొట్టు. మేపుల్ ఫడ్జ్ కొని, కారులోనే చేతులు నాకుతూ తిన్నారు. ఆ తర్వాత గిటారు వాయించే అతనున్న వైనరీ. అతను పాడటం ఆపేదాకా డార్లీన్ కదల్లేదు. ఆ పైన మేకలున్న వైనరీ. ఒక్కో మేకతో గ్వెన్ ఒక్కో ఫోటో దిగింది.

"మేకల్ని మా పక్కింట్లో చూపిస్తాను, రండే బాబూ! లోవెల్ అయిదింటికి మూసేస్తాడు" అన్నాను.

"మూస్తే మూయనీ. నీకు ఆ ముసలాయన మీద మనసైందా ఏంటి?" అని డార్లీన్ పకపకా నవ్వింది. నా ఒళ్లు మండిపోయింది.

లోవెల్ తలుపు మూయబోతుండగా చేరాం. అక్కడ పాటల్లేవు, మేకల్లేవు. చెక్క బల్ల, దాని మీద స్టీలు బకెట్, దాని వెనక లోవెల్. నాలుగు గ్లాసుల్లో నా వైన్ పోశాడు. 

డార్లీన్ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"అమ్మో! ఇదేంటి, నిమ్మకాయలు గానీ పిండారా?"

గ్లాసు బకెట్‌లో వంచేసింది. గ్వెన్ మర్యాదస్తురాలు. "చాలా... చల్లగా ఉందండీ" అంటూ ట్రిష్ మోచేతి చాటున మెల్లిగా పారబోసింది. ట్రిష్ వాసన మాత్రం చూసి అసలు నోట పెట్టకుండానే వంచింది. నేను నోట్లో పోసుకున్నాను. పచ్చి ఆపిల్, వాన పడ్డ రాయి, మా గట్టు మీది గాలి, అన్నీ తగిలాయి. ఉమ్మక తప్పలేదు. నా వైన్, నా నోటి నుంచే, ఆ బకెట్‌లోనే.

ముగ్గురూ గుమ్మం దగ్గర అమ్మకానికి పెట్టిన టోపీలు చూడటానికి అటు వెళ్లగానే లోవెల్ మీద పడ్డాను.

"పొద్దుట్నుంచీ స్లషీలు తాగారండీ! వాళ్ల నాలుకలు చూడండి, ఊదారంగులో ఉన్నాయి!"

"వచ్చేవాళ్లంతా స్లషీలు తాగే వస్తారు కొరీన్. నేను అమ్ముకోవాల్సింది ఆ నాలుకలకే" అన్నాడు లోవెల్. బకెట్ చేతిలోకి తీసుకున్నాడు. "రేపు ఫోన్ చేస్తాలే."

ఆ 'లే'లోనే నాకు జవాబు తెలిసిపోయింది.  

మా వంటింట్లో అడుగుపెట్టగానే డార్లీన్ ఒక కాగితం సంచి నా చేతిలో పెట్టింది.

"పొద్దుట్నుంచీ ఒక్క చుక్క మింగలేదు పాపం. ఇదిగో, నీ బహుమతి!"

లోపల నా వైన్.

"నువ్వు కారు తియ్యడానికి వెళ్లినప్పుడు, ఆ పెద్దాయన మొహం చూసి జాలేసి కొన్నాం. మాకెవరికీ నచ్చలేదుగా, నువ్వన్నా తాగుతావని" అంది గ్వెన్.

ఏడుస్తాననుకున్నాను. అరిచాను.

"అది నా ద్రాక్షే! నా కాపంతా ఈరోజు మీ చేతుల్లో ఉంది, ముగ్గురూ కలిసి బకెట్ పాలు చేశారు!"

చెప్పాల్సిందంతా చెప్పేశాను. 

"ముందే చెప్పి చావచ్చుగా!" అంది డార్లీన్.

"చెప్పకూడదన్నాడు! ముందు అక్కడికే వెళ్దామని మాత్రం వందసార్లు మొత్తుకున్నాను!"

డార్లీన్ సీసా తెరిచింది. ఉప్పునీళ్లలో ఉడికించి వెన్న పోసిన బంగాళాదుంపలు బల్ల మీద పెట్టాను, నాకు ఆకలి లేకపోయినా. తిన్నారు, తాగారు.

"అమృతమే!" అంది ట్రిష్.

"నిజంగానే కొరీన్, ఒట్టు" అంది గ్వెన్.

"తెలిశాక బాగుందంటే నమ్మడానికి నేనేమన్నా వెర్రిదాన్నా?" అన్నాను. వాళ్లు పొగిడిన కొద్దీ నా కోపం పెరిగింది. అటు తిరిగి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. గిన్నెలేం పాపం చేశాయో గానీ గట్టిగానే తోమాను. కాసేపటికి వాళ్లు నన్ను మర్చిపోయారు. మాటలు ట్రిష్ కోడలి మీదికి మళ్లాయి, అక్కణ్నుంచి డార్లీన్ మోకాలి నొప్పి మీదికి.

"ఏయ్, ఆ చివరి గుక్క నాది!"

"నీది ఎట్లాగే? ఇందాకే నిండా పోసుకున్నావు!"

"నేను దుంపలు తింటుంటే నువ్వు పోసుకోలేదా? ఇటివ్వు!"

వెనక్కి తిరిగి చూశాను. డార్లీన్, ట్రిష్ సీసాను చెరోవైపు పట్టుకుని లాక్కుంటున్నారు. గ్వెన్ తన గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరూ అడగకముందే "నాది ఇవ్వను" అంటోంది. ఒక్కరూ నా వంక చూడటం లేదు.

ఇప్పుడు కొట్టుకుంటున్నారు, పాపిష్టి ముండలు! సాయంత్రం ఆయన ముందు కొట్టుకుని ఉంటే ఏం పోయేది?

తడిచేత్తోనే ఫోను తీసి లోవెల్‌కు కలిపాను. "హలో" అన్నాడు. నేను ఏమీ అనలేదు. ఫోను కట్ చెయ్యకుండానే దుంపల గిన్నె పక్కన పెట్టి, మళ్లీ గిన్నెల దగ్గరికి వెళ్లాను.

"వదలవే! నీ గ్లాసులో ఇంకా ఉందిగా!"

"నువ్వే వదులు! నిమ్మకాయ నీళ్లన్నది నువ్వేగా, నీకెందుకు?"

ఫోను మీద లోవెల్ పేరు ఇంకా వెలుగుతూనే ఉంది. అతను పెట్టెయ్యలేదు, వింటున్నాడు.