సీలు తీయని పెట్టెలు

నల్లపెట్టె మీది దుమ్మును మెత్తటి బ్రష్‌తో తుడుస్తూనే అతను రెండో చేత్తో ఫోన్ తెరను కిందికి లాగాడు. తెల్లటి సున్నా గిరగిరా తిరిగింది. ఆగింది. 'స్టాకు లేదు' అని ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

"చచ్చింది!" అన్నాడు పెట్టెతో.

కొత్త గేమ్ కన్సోల్ విడుదలయ్యే రోజది. అమ్మకాలు మొదలై అతని టీ ఇంకా చల్లారనైనా లేదు, అప్పుడే అయిపోయింది.

గది గోడ పొడవునా అరలు. అరల నిండా కన్సోల్ పెట్టెలే. మీసాలు నల్లగా ఉన్నప్పటి నుంచి మార్కెట్లోకి వచ్చిన ప్రతి మోడలూ వచ్చిన రోజే కొన్నాడు. ఒక్కటీ విప్పలేదు. కంపెనీ చుట్టిన పల్చటి ప్లాస్టిక్ కవరు చిరగకుండా ఉంటేనే దానికి విలువ. తోటి లిఫ్టు మెకానిక్కులు అతన్ని సీలు సార్ అని పిలిచేది అందుకే. చివరి అరలో కొత్తదాని కోసం కొలిచి వదిలిన ఖాళీ, పన్ను ఊడిన నోరులా అతన్నే చూస్తోంది.

"ఏంట్రా, ఇల్లు కూలినట్టు అరిచావ్?" అంటూ అక్క తొంగిచూసింది.

"దొరకలేదు."

"పోనీలే. దొరికినా ఏం చేస్తావు, దుమ్ము దులపడం తప్ప? పైగా దాంట్లో గేము బిళ్ల పెట్టే సందే లేదట. నీ పాత గేములు ఒక్కటీ పట్టవు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో అనుకుంటుంటే విన్నాలే."

అక్క పొట్టిగా ఉంటుంది. పుస్తకాల బైండింగ్ కార్ఖానాలో, ప్యాకింగ్ బల్ల ముందు ఏళ్ల తరబడి నిలబడీ నిలబడీ భుజాలు ముందుకు వంగిపోయాయి. పెళ్లిమాట ఎత్తితే 'వీడికెవరు వండుతారు' అనేది. అతనూ అదే మాట తిప్పి అనేవాడు. అలా ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉండిపోయారు.

ఆమె కుడి బొటనవేలికి ప్లాస్టర్ ఉంది.

"మళ్లీ కాల్చుకున్నావా?"

"ఆ కవర్లు అతికే మెషిన్ వేడి అలాంటిది." వేలు గుప్పిట్లో దాచుకుంది. "ఒక్కటి విప్పరా. ఒక్కటంటే ఒక్కటి. పెట్టెలో రెండు రిమోట్లు పెట్టారంటే ఇద్దరాడమనేగా?"

కంట్రోలర్‌ని ఆమె ఎప్పుడూ రిమోట్ అనే అంటుంది. అతని చిన్నప్పుడు తన మొదటి జీతంతో ఇంటికి గేమ్ మెషిన్ తెచ్చింది ఆమే. ఆ రోజే చట్టం చేసింది. 'మొదటి రిమోట్ నాది, రెండోది నీది. నాది ముట్టుకుంటే చెయ్యి విరుస్తా. నీదాని జోలికి నేనూ రాను.' ఆడీ ఆడీ దాన్ని అరగదీశారు. ఒకరోజు పొగ వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నవేవీ అతను ఆడటానికి కొనలేదు.

"విప్పితే విలువ సగానికి పడిపోతుందక్కా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎవరికి అమ్ముతావని?"

అక్క చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర గోడ పట్టుకుని ఒక్క క్షణం నిలబడి గట్టిగా ఊపిరి పీల్చింది. అతను ఫోన్‌లో ఇంకో సైటు తెరుస్తున్నాడు.

"వెళ్తున్నా."

"ఊఁ."

మధ్యాహ్నానికి అన్ని సైట్లూ చేతులెత్తేశాయి. అతనేమో ఒక ఆఫీసు భవనంలో, రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టు పైకప్పు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. కాళ్ల కింద ఒక లాయరు లోపల్నుంచి తలుపు బాదుతున్నాడు.

"ఏమయ్యా, పైన నిద్రపోయావా? నాకు కోర్టుకు టైమవుతోంది!"

"మీరు బాదడం ఆపితే దింపుతానండీ. బ్రేకు కూడా భయపడుతోంది."

అప్పుడు మోగింది ఫోన్. గేమ్ షాపాయన.

"సీలు సార్, ఒక్క పీస్ మిగిలింది. కళ్లజోడు ఇక్కడే నిలబడి అడుగుతున్నాడు."

కళ్లజోడు అంటే పోటీదారు. అతనూ పెట్టెలు కూడబెడతాడు. కాని రెండు మోడళ్లు తప్పిపోయాయి. సీలు సార్ లైనులో మాత్రం ఇప్పటివరకు ఒక్క సందు లేదు.

"వాడికిచ్చావంటే నీ షాపు గడప తొక్కను!"

"ఇవ్వనులెండి. కాని నాకో సాయం చేయాలి. మీ దగ్గర ఆ పాత నల్లది సీలుతో రెండున్నాయిగా? ఒకటి కావాలని ఒకాయన నా ప్రాణం తోడేస్తున్నాడు. అది తెచ్చిస్తే కొత్తది మీది. షట్టర్ దించేలోపు రావాలి."

"వస్తున్నా. ఇంకెవరితోనూ మాట్లాడకు."

పెట్టేశాడో లేదో మళ్లీ మోగింది. తెలియని నంబరు. ఏ ఇన్సూరెన్సువాళ్లో. షాపాయన మనసు మార్చుకుంటే లైను ఖాళీగా ఉండాలి. కట్ చేశాడు. మళ్లీ అదే. బ్లాక్ చేశాడు. కాసేపటికి ఇంకో కొత్త నంబరు.

"ప్రాణాలు తీస్తున్నారు!" అంటూ దాన్నీ బ్లాక్ చేశాడు.

లాయరును దింపి, తిట్లు తిని, ఇంటికి ఉరికాడు. ఉదయం తుడిచిన నల్లపెట్టెను పాత దుప్పట్లో పసిబిడ్డలా చుట్టి స్కూటర్ ముందు పెట్టుకున్నాడు. ప్రతి సిగ్నలూ అతన్ని చూసే ఎర్రబడుతున్నట్టుంది. షాపు దగ్గర బ్రేకు వేసేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

కొత్త కన్సోల్ గల్లా మీదే ఉంది. తెల్లగా, నున్నగా. దాని పక్కన మోచెయ్యి ఆనించి కళ్లజోడు.

షాపాయన నల్లపెట్టెను ట్యూబులైటు కిందికి ఎత్తాడు. తిప్పాడు. అంచు దగ్గర ఆగాడు. భూతద్దం తీశాడు.

"సార్, ఇది కంపెనీ సీలు కాదు."

"మతిపోయిందా నీకు? నీ దగ్గర కొన్నదే!"

"నేనిచ్చినప్పుడు అతుకు అడుగున, మధ్యలో ఉంది. ఇక్కడ చూడండి, అంచు వెంబడి కరిగించారు. ఇవిగో, సూదిమొన చిల్లులు. లోపలి గాలి పోవడానికి. పుస్తకాల సెట్లకు వేస్తారే, ఆ కవరు ఇది. ఎవరో విప్పి, మళ్లీ చుట్టారు."

కళ్లజోడు పకపకా నవ్వాడు. "ఇన్నేళ్లూ కాపలా కాసింది పుస్తకాల అట్టకా, సీలు సార్?"

పుస్తకాల సెట్లు. కరిగించిన అంచు. బొటనవేలికి ప్లాస్టర్.

అతను పెట్టె లాక్కుని బయటికి నడిచాడు. వెనక కళ్లజోడు కొత్తదాన్ని సంచీలో వేసుకుంటున్న చప్పుడు వినబడింది. అతని లైనులో మొదటి సందు పడింది.

దారంతా అక్కను తిడుతూనే ఉన్నాడు. నీకేం పోయేకాలం వచ్చింది? అడగొచ్చుగా? అడిగితే ఒప్పుకునేవాణ్ని కాదు, సరే, అయినా అడగొచ్చుగా? ఈ వయసులో దొంగాటలేంటి? మాటలు వరసగా పేర్చుకున్నాడు, ఒక్కటీ మర్చిపోకూడదని.

కార్ఖానాలో మెషిన్లు ఆగి ఉన్నాయి. పనివేళ ఇంకా ముగియలేదు. ఆడవాళ్లు గోడ వెంట గుంపుగా నిలబడి ఉన్నారు. అతన్ని చూడగానే సూపర్‌వైజరమ్మ ఎదురొచ్చింది.

"ఎన్నిసార్లు చేశామండీ మీకు! నా ఫోన్లోంచి, మేనేజరు గారి ఫోన్లోంచి. ఒక్కసారి ఎత్తలేదు."

"అక్కేది?" అన్నాడు. కోపం గొంతులో ఇంకా అలాగే ఉంది.

"టీ బ్రేకులో స్టూలు మీద కూర్చుందండీ. బెల్లు కొట్టినా లేవలేదు. కునుకు తీస్తోందనుకున్నాం." ఆమె కళ్లు దించుకుంది. "ఆస్పత్రికి తీసుకెళ్లాం. దారిలోనే అయిపోయిందన్నారు."

అతను పెట్టెను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. పేర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. ఉమ్మేయడానికి చోటు లేదు, మింగడానికీ లేదు.

సూపర్‌వైజరమ్మ పెట్టె వంక చూసింది. "ఇది ఆవిడ తెచ్చేదే కదూ? అప్పుడప్పుడూ ఒకటి సంచీలో పెట్టుకొచ్చేది. మా తమ్ముడివి, దుమ్ము పడకూడదని చెప్పి మెషిన్లో వేసుకునేది. ఈ వయసులో తమ్ముడి బొమ్మలకు అట్టలేస్తున్నావా అని మేం ఏడిపించేవాళ్లం. 'వాడికి తెలిస్తే చంపేస్తాడే' అని తెగ నవ్వేది."

ఆస్పత్రిలో సంతకాలు పెట్టించుకుని, ఆమెకు కప్పడానికి ఇంటి నుంచి మంచి దుప్పటి తెమ్మన్నారు.

ఇల్లు చేరేసరికి కిటికీలో ఎండ పల్చబడింది. ముందు అరల దగ్గరికే వెళ్లాడు. ఒక్కొక్క పెట్టె దించి అంచు తడిమాడు. చిల్లులు. చిల్లులు. వారం వారం తుడిచినవాడు ముందువైపే తుడిచాడు. ఆమె వారపు సెలవు రోజున అతను ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటాడు. ఇంట్లో ఆమె ఏం చేస్తుందో ఏనాడూ అడగలేదు.

అక్క గదిలో దుప్పటి మంచం మీదే మడతపెట్టి ఉంది. టీవీ ముందు నేల మీద, కూర్చుని కూర్చుని అణిగిపోయిన దిండు. దాని పక్కన ఇంకో దిండు, ఉబ్బెత్తుగా, కొత్తదానిలా.

అతను అణగని దిండు మీద కూర్చున్నాడు. నల్లపెట్టెను ఒళ్లో పెట్టుకుని, పనిముట్ల సంచీలోంచి బ్లేడు తీశాడు. చెయ్యి అలవాటుగా వెనక్కి తగ్గింది. తర్వాత కోసేశాడు.

మొదటి కంట్రోలర్ మీది రబ్బరు, బొటనవేలు ఆనే చోట అరిగి అద్దంలా మెరుస్తోంది. మీటల సందులో ప్లాస్టర్ పీలిక ఒకటి ఇరుక్కుని ఉంది. రెండోది మాత్రం కంపెనీ ఇచ్చిన చిన్న సంచీలోనే, మడిచిన వైరు మడిచినట్టే, మూతికి అంటించిన గుండ్రటి సీలు చెక్కుచెదరకుండా, అలాగే ఉంది.