నిండినది

నీళ్ల ట్యాంకులకు ప్రోగ్రాములు రాసే ఆ కంపెనీలో మొదట్నుంచీ ప్రోగ్రాములు రాస్తున్న ఆమెను మేనేజరుతో సహా అందరూ అక్కా అనే పిలిచేవారు. ఓ సోమవారం పొద్దున్నే పాత పంపుహౌసు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, ట్యాంకు పొంగి వీధంతా నీళ్లే! గంట మోగలేదు."

కారణం కనిపెట్టడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. కిందటి వారం మేనేజరు తమ ప్రోగ్రాము పంపుహౌసులకు పంపే పాత సందేశాలను సరిదిద్దాడు. 'ట్యాంకు నిండినది' కాస్తా 'ట్యాంకు నిండింది' అయింది.

"ఈ రోజుల్లో నిండినది అని ఎవరంటారక్కా?" అన్నాడతను బిక్కమొహంతో.

"మనుషులనరు. ఆ గంటకు తెలిసింది ఆ ఒక్క మాటే."

ఆమె వెంటనే బయలుదేరింది. పంపుహౌసులో అదే గ్రీజు వాసన, అదే మోటార్ల హోరు. ఇరవై రెండేళ్ల కిందట కంపెనీ ప్రోగ్రాము పెట్టడానికి వచ్చి ఇక్కడే పదకొండు రోజులు కూర్చుంది. అప్పటి ఆపరేటరు ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాడు. పట్టుబట్టి ఆమె దగ్గర నేర్చుకుని, ఒంటివేలితో టైపు చేస్తూ, ఆ సందేశం రాగానే గంట కొట్టే చిన్న ప్రోగ్రాము తనే రాసుకున్నాడు.

"అమ్మా, నాకొచ్చింది ఇదొక్కటే. రేపు మీరు మాట మార్చారంటే నట్టేట మునుగుతాను."

"మాట మార్చను బాబాయ్," అని నవ్వింది అప్పుడు.

ఇప్పుడు ఆపరేటరు ఆయన కూతురు. "మా ప్రోగ్రాములోనే ఆ మాట మార్చేద్దామా మేడమ్?" అంది.

ఆమె తెర మీద ఆ పాత వరుసలు చదివింది. మధ్యలో ఒకచోట 'ఇక్కడ మేడమ్ కోప్పడ్డారు' అని రాసి ఉంది. కళ్లు చెమర్చాయి.

"ఇది ఇంకెక్కడైనా ఉందా?"

"నాన్న అడిగినవాళ్లందరికీ ఇచ్చారు. ఎన్ని పంపుహౌసులకో లెక్కలేదు."

ఆమె వెంటనే మేనేజరుకు ఫోన్ చేసింది. "బయటికి వెళ్లే సందేశం పాతదే ఉండాలి. నీ కొత్త మాట తెర మీద చూపించుకో. అందరికీ ఇప్పుడే పంపు."

గంటలోపే అన్నీ దారిన పడ్డాయి.

"నాన్నగారెలా ఉన్నారు?"

"చెవులు పూర్తిగా పోయాయి. ట్యాంకు పొంగిందని పొద్దున్నుంచీ నామీద చిందులు తొక్కుతున్నారు."

"ఆ చిందులేవో నామీద తొక్కాల్సింది. పద."

ఇద్దరూ చీలమండల లోతు నీళ్లలో నడిచి ఆయన ఇంటికి వెళ్లారు. ఆమె ఒక కాగితం మీద 'తప్పు మాది, బాబాయ్' అని రాసి చూపించింది. ముసలాయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. ఆమెను ఎగాదిగా చూసి, గుర్తుపట్టి, బోసినోటితో నవ్వాడు.

"ముందు లోపలికి రామ్మా. కాళ్లు కడుక్కోమని మాత్రం అనను, ఆ పని వీధిలోనే అయిపోయినట్టుంది."