గెంటేసే తల్లికి గొంతు

డబ్బింగ్ స్టూడియోలో ఆవిడను అందరూ సింగిల్ టేకమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా సినిమా తల్లులకు గొంతు ఇస్తోంది. ఏడ్చే తల్లి, దీవించే తల్లి, మంచం మీద నుంచి మూలిగే తల్లి, ఎవరైనా సరే, కళ్లజోడు సర్దుకుని తెరమీద పెదవి కదలగానే అందుకుంటుంది. రెండోసారి చెప్పించుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ ఉదయం మాత్రం ఒకే ముక్క పన్నెండుసార్లు చెప్పింది.

సినిమా వేరే భాషది. అందులో పదహారేళ్ల అబ్బాయి తనకు అబ్బాయిలంటేనే ఇష్టమని ఇంట్లో చెప్పేస్తాడు. ఇంటిల్లిపాదీ భక్తులు. తండ్రి ప్రార్థన కానిదే ముద్ద ముట్టడు. తల్లి వాణ్ణి గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి, "నా కడుపున పుట్టలేదనుకుంటాను, వెళ్లు" అనాలి. అంతే మాట.

"కోపం చాలట్లేదమ్మా," అన్నాడు అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు. "గెంటేస్తోంది కదా."

"ఆవిడ చెయ్యి చూడు నాయనా. వాడి కోటుకి గుండీ పెడుతోంది, బయట చలని. కోపంతో గెంటేసేవాళ్లు గుండీలు పెడతారా?"

ఇంజనీరు బొమ్మను వెనక్కి తిప్పి చూశాడు. "ఇన్నిసార్లు వేశాను, కనిపెట్టలేదు."

"కోపం కాదది, భయం. పక్కగదిలో మొగుడున్నాడు."

పన్నెండోసారి ఆవిడ గొంతు బాగా తగ్గించి చెప్పింది. ఇంజనీరు మెల్లగా "ఓకే అమ్మా" అన్నాడు. హెడ్‌ఫోన్లు తీస్తుంటే ఆవిడకు తట్టింది. తను చెప్పింది తన గొంతుతో కాదు. అచ్చం అక్క గొంతు.

అక్క కొడుక్కి పదిహేడేళ్లు. పుట్టినప్పటి నుంచీ సగం పెంపకం ఈ పిన్నిదే. బావ ప్రార్థన మందిరంలో పెద్ద, నలుగురికీ మంచీచెడ్డా చెప్పే మనిషి. పదిహేను రోజుల కిందట వాడూ ఇదే సంగతి ఇంట్లో చెప్పాడు. బావ అరవలేదు. "ఆ ఊహ మానుకున్న రోజు రా" అని తలుపు తీసి పట్టుకున్నాడు. అక్క వంటగది గోడకు ఆనుకుని నిలబడిపోయింది. బావ అక్కడే ఉన్న మరదలి వైపు తిరిగి, "నువ్వైనా చెప్పమ్మా, నేనన్నది తప్పా?" అన్నాడు. అంతమంది తల్లుల తరఫున మాట్లాడిన మనిషికి ఆ వేళ నోరు పెగల్లేదు. వాడు పిన్ని వంక ఒక్కసారి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

స్టూడియో నుంచి ఆవిడ నేరుగా వాడున్న చోటికి వెళ్లింది. వాడు తలదాచుకున్నది స్నేహితుడింట్లో. ఆ స్నేహితుడి తల్లి దర్జీ, దుకాణం వెనకే ఇల్లు. వాడు కుట్టు పూర్తయిన చొక్కాలకు ఇస్త్రీ చేస్తున్నాడు.

"ఈవేళ ఏ అమ్మ పిన్నీ? ఏడ్చే అమ్మా, తిట్టే అమ్మా?"

"గెంటేసే అమ్మ."

వాడు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాడు.

"ఆ రోజు నేను మాట్లాడాల్సింది రా. నీ మీద కోపం ఉండి కాదు. మీ నాన్నకి ఎదురు చెప్పడం అలవాటు లేక."

"డైలాగ్ పేపర్ ఎవరూ ఇవ్వలేదుగా పాపం," అని నవ్వబోయాడు. మూతి వంకరపోయింది. చొక్కా మడత సర్దుతూ అడిగాడు, "నాన్న చెప్పిందే నిజమైతే? దేవుడికి కూడా నేను అక్కర్లేకపోతే?"

"ఆ దేవుడితో నాకు రోజూ మాటలున్నాయి. నీ మీద ఒక్క చాడీ చెప్పలేదు. బట్టలు సర్దు. నా ముందుగది ఖాళీగానే ఉంది. గురక పెడతాను, అదొక్కటీ ఓర్చుకో."

"మంచి పనివాణ్ణి లాక్కుపోతున్నారు," అంది దర్జీ, వాడి భుజం తడుతూ.

ఇంటికి రాగానే ఆవిడ బావకు ఫోన్ చేసింది. "వాడు నా దగ్గరే ఉన్నాడు బావా. ఆ రోజు తప్పా అని అడిగారు. తప్పే. ఆలస్యంగా చెబుతున్నాను, క్షమించండి." అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఆవిడ కుర్చీలో కూర్చుంది. వాడు మంచినీళ్లు తెచ్చిచ్చి, "సింగిల్ టేక్," అన్నాడు.

నాలుగో రోజు అక్క వచ్చింది, ఇస్త్రీ చేసిన వాడి బట్టల సంచీతో. "ఆయనకి తెలీదు," అంది గుమ్మంలోనే. కొడుకు చెంపలు రెండు చేతులా పట్టుకుని, చిక్కిపోయావంది. నిజానికి వాడు కాస్త ఒళ్లు చేశాడు.

మూడు నెలలకు సినిమా విడుదలైంది. ముగ్గురూ మధ్యాహ్నం ఆటకు వెళ్లారు. అక్క, చెల్లెలు, మధ్యలో వాడు. గుమ్మం దగ్గరి మాట వచ్చినప్పుడు అక్క ఉలిక్కిపడింది. విశ్రాంతిలో దీపాలు వెలిగాక చెల్లెలితో అంది, "నా గొంతు ఎత్తుకుపోయావు కదే."

"ఎత్తుకుపోయాను."

"కానీ నేనా మాట అనలేదు. వాణ్ణి పొమ్మని నేనెప్పుడూ అనలేదు."

"నువ్వేం అనలేదమ్మా," అన్నాడు వాడు, నెమ్మదిగా. "ఉండమని కూడా."

అక్క తల వంచుకుంది. కళ్లు తుడుచుకుని వాడి చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. సినిమా అయ్యేదాకా వదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కిందని వాడు గొణిగినా వదల్లేదు.

ఆ తర్వాతి వారం అక్క మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో సంచీ లేదు, మొహంలో కంగారూ లేదు.

"బావకి ఏం చెప్పి వచ్చావు?" అంది చెల్లెలు.

"నా కొడుకు దగ్గరికి వెళ్తున్నానని చెప్పాను."

"ఏమన్నారు?"

"స్కూటర్ తీశారు. వీధి మొదట్లో దింపి, ఎన్నింటికి రమ్మంటావ్ అని అడిగారు."

వాడు కిటికీ దగ్గరికి వెళ్లి వీధి మొదటిదాకా చూశాడు. అక్కడెవరూ లేరు. అయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.